కింద చెయ్యి లేస్తేనే

మా ఫ్యాక్టరీ గేటు పక్కన మనిషికి రెండింతల ఎత్తున్న బోర్డు ఒకటి నిలబెట్టారు. అందులో మా తోడికోడలు పసుపు టోపీ పెట్టుకుని, క్రేన్ కేబిన్‌లోంచి నవ్వుతూ చెయ్యి ఊపుతుంటుంది. ఇక్కడ ఆడా మగా అందరూ సమానమే అని కింద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి, అబ్బో, ఎంత అదృష్టవంతురాలో అనుకుంటారు. ఒకసారి నా పక్కన నిలబడ్డ ఒకావిడ పైకే అనేసింది. అదృష్టం సంగతి నాకు తెలీదు గానీ ఆ బోర్డు మీది మనిషి ఆ కేబిన్‌లో లేదు, లోపల ఇసుక జల్లిస్తోంది, కావాలంటే వెళ్ళి చూసుకోండి అన్నాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి వెళ్ళిపోయింది. నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరూ అంటారు. కాకపోతే పోనివ్వండి, అబద్ధమైతే ఆడదు కదా.

నేను కూడా అక్కడే, టూల్ రూమ్ కిటికీ దగ్గర పనిచేస్తాను. సుత్తులు, స్పానర్లు, గొలుసులు అడిగినవాళ్ళకి ఇచ్చి, షిఫ్టు అయ్యాక తిరిగి తీసుకోవడం నా పని. కొత్తగా వచ్చిన ప్రతి స్టోర్ కీపర్‌కీ ఏ సామాను ఏ అరలో ఉంటుందో దగ్గరుండి నేర్పించి, ఆ తర్వాత వాడి కిందే పనిచెయ్యడం కూడా నా పనే. అది వేరే కథ, ఏదో నోటికొచ్చింది. నా కిటికీలోంచి పోత షెడ్డు మొత్తం కనిపిస్తుంది. ఒక చివర కొలిమి, మధ్యలో ఇసుకతో చేసిన అచ్చులు, ఇంకో చివర ఇసుక జల్లించే ఆడవాళ్ళు. అచ్చుల్లో కరిగిన ఇనుము పోస్తే పంపులకి కావలసిన భాగాలు తయారవుతాయి. ఆ అచ్చులు పదిమంది మగాళ్ళు పట్టినా లేవవు. అందుకని పైన గోడ నుంచి గోడకి రెండు క్రేన్లు పట్టాల మీద తిరుగుతుంటాయి.

మా తోడికోడల్ని ఇంట్లో అందరం చిన్నదీ అనే పిలుస్తాం. అన్నదమ్ముల్ని చేసుకున్నవాళ్ళం కాబట్టి ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో రెండు పొయ్యిలు పెట్టుకుని ఉంటాం. నాకు పిల్లల్లేరు. చిన్నదానికి ఒక్క కూతురు. ఆ పిల్లకి ఆకలేస్తే ఏ పొయ్యి మీద ముందు ఉడికితే అక్కడ కూర్చుని తింటుంది. అమ్మ కేకలేస్తే నా వెనక్కి వచ్చి దాక్కుంటుంది. నేను కేకలేస్తే వాళ్ళమ్మ వెనక్కి పోతుంది.

చిన్నది పదో తరగతి పాసైంది. అంతటితో వాళ్ళ నాన్న చాలు అన్నాడు. ఆవిడ తమ్ముడు మాత్రం చదివాడు. వాడి లెక్కలు ఇంట్లో కూర్చుని ఈవిడ చేసిపెట్టేది, వాడు తీసుకెళ్ళి మేష్టారికి చూపించేవాడు. ఇప్పుడు వాడు ఏదో ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుంటాడు. వచ్చినప్పుడల్లా, అక్కా, నువ్వింకా ఆ ఇసుకలోనే ఉన్నావా అని జాలిపడతాడు. ఆ జాలి చూస్తే నాకు వాడి చెంప మీద ఒకటివ్వాలనిపిస్తుంది. చిన్నది నవ్వి ఊరుకుంటుంది. ఆవిడకి ఓర్పెక్కువ. ఆ ఓర్పే ఆవిడ కొంప ముంచిందని నేనంటాను.

నాలుగేళ్ళ కిందట మా సరుకు కొనే పెద్ద కంపెనీ ఒకటి, మీ దగ్గర ఆడవాళ్ళు ఏయే పనుల్లో ఉన్నారని అడిగిందట. ఇసుక దగ్గరా, చీపురు దగ్గరా, టీ దగ్గరా ఉన్నారని చెబితే బాగుండదు కదా. అందుకని ఆఫీసు మేడం ఒక నోటీసు అంటించింది. పదో తరగతి పాసైన ఆడవాళ్ళకి క్రేన్ నడపడం నేర్పిస్తారు, పరీక్షలో నెగ్గితే కొత్త క్రేన్ ఇస్తారు, ఆర్నెల్లు బాగా నడిపితే ఉద్యోగం పర్మనెంటు. ఈ మేడం పెద్ద చదువులు చదివింది. మనిషి మంచిదనే చెప్పాలి. మన బాధ చెప్పుకుంటే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అంతలో మీటింగుకి టైమవుతుంది.

నేర్చుకోవడానికి ముగ్గురు వెళ్ళారు. ఒకామెకి ఎత్తు చూస్తే కళ్ళు తిరిగాయి. ఇంకొకామెని మొగుడు మాన్పించాడు. మిగిలింది మా చిన్నది. రోజూ ఇసుక పని ముగించుకుని, ఒంటి మీద దుమ్ము దులుపుకుని వెళ్ళి నేర్చుకునేది. పరీక్షలో నీళ్ళు నిండిన బకెట్‌ని కొక్కేనికి తగిలించి, చుక్క ఒలక్కుండా షెడ్డు ఆ చివర నుంచి ఈ చివరకి తీసుకురమ్మన్నారు. తెచ్చింది. ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ నడకే మారిపోయింది. ఏమే, నేల మీద నడుస్తున్నావా, పట్టాల మీద నడుస్తున్నావా అని నేనే ఏడిపించాను.

ఇక్కడ మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. క్రేన్ నడిపే మనిషి పైన ఉంటుంది. బరువు కింద ఉంటుంది. పైనుంచి అంతా సరిగా కనపడదు. అందుకని గొలుసులు తగిలించే ఖలాసీల మేస్త్రి కింద నిలబడి చేత్తో సైగ చేస్తాడు. చెయ్యెత్తి వేలు తిప్పితే ఎత్తమని, అరచెయ్యి కిందికి ఊపితే దించమని, చెయ్యి పక్కకి చాపితే అటు నడపమని, పిడికిలి బిగిస్తే ఆపమని. కింద చెయ్యి లేస్తేనే పైన క్రేన్ కదలాలి. చెయ్యి లేవకుండా కదిపితే ఉద్యోగం పోతుంది. ప్రాణాలతో పని కాబట్టి రూలు మంచిదే. మంచి రూలుని పట్టుకుని మనిషిని ఎలా తొక్కెయ్యొచ్చో ఆ ఆర్నెల్లూ నా కిటికీలోంచి చూశాను.

మా ఖలాసీల మేస్త్రిని మీసాల మేస్త్రి అంటారు. పాత క్రేన్ నడిపేది ఆయన బావమరిది. చిన్నది కొత్త క్రేన్ ఎక్కిన మొదటి రోజు అందరూ తలెత్తి చూశారు. మీసాల మేస్త్రి కూడా చూశాడు. చూసి, వెనక్కి తిరిగి పాత క్రేన్‌కి చెయ్యి ఎత్తాడు. రెండో రోజూ అంతే. కొత్త క్రేన్ సరిగ్గా అచ్చు పక్కనే ఉంటుంది. పాతది షెడ్డు ఆ చివర ఎక్కడో ఉంటుంది. అది ఊగుకుంటూ వచ్చేదాకా ఖలాసీలంతా చేతులు కట్టుకుని నిలబడతారు గానీ ఈవిడకి సైగ చెయ్యరు. పని ఆలస్యమై తిట్లు తింటారు, ఓవర్ టైం చేస్తారు, అయినా చెయ్యి లేవదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. కొట్లాట లేదు, బూతు లేదు. ఉట్టినే చేతులు దించుకుని నిలబడ్డారు, అంతే.

అడిగితే మాత్రం ఊరుకుంటాడా? గొలుసు తీసుకోవడానికి వచ్చినప్పుడు నేను కిటికీలోంచే అడిగాను. ఆ బరువులు మా తలల మీద నుంచి పోతాయమ్మా, ఆడదాని చేతికి మా తలలు అప్పజెప్పమంటావా అన్నాడు. రోజూ మీ ఆవిడ వండిందే తింటున్నావు, దాంట్లో ఏం కలిపిందో తెలుసా నీకు, ప్రాణం అక్కడ అప్పజెప్పలేదా అన్నాను. మూతి ముడుచుకుని పోయాడు. ఆ తర్వాత కుర్ర ఖలాసీలు చిన్నదానికి గూటి చిలక అని పేరు పెట్టారు.

గూటి చిలక షిఫ్టంతా పైన కూర్చునేది. కిందికి దిగితే సీటు వదిలి వెళ్ళిందని రాస్తారు. దిగకపోతే నీళ్ళు లేవు. కొలిమి వేడంతా పైకే కొడుతుంది. ఆవిడ మాత్రం కళ్ళు కింద నుంచి తిప్పేది కాదు. ఎప్పుడు చెయ్యి లేస్తుందో అని మీటల మీద చేతులు వేసి, ముందుకి వంగి చూస్తూ ఉండేది. ఇసుక జల్లించేవాళ్ళలో ఒకామె మాత్రం అప్పుడప్పుడు తలెత్తి, ఏమే, బతికున్నావా అని అరిచేది. ఆమె గొంతమ్మ. మెషిన్ల చప్పుడుని మించి వినపడే గొంతు కాబట్టి ఆ పేరు వచ్చింది. కాంట్రాక్టు మీద వచ్చే మనిషి, అందరికన్నా పాతది, అందరికన్నా తక్కువ కూలి.

చిన్నది మేడం దగ్గరికి వెళ్ళింది. మేడం మేస్త్రిని పిలిపించింది. ఏ క్రేన్ వాడాలనేది మేస్త్రి ఇష్టం అని రూల్లోనే ఉందండి, పాతదైతే మాకు అలవాటు అని ఆయన వినయంగా చెప్పాడు. మేడం నొచ్చుకుంది. కాస్త ఓపిక పట్టు, మెల్లగా వాళ్ళే అలవాటు పడతారు అని చిన్నదాని భుజం తట్టింది. మేడం భుజం తట్టిన ఆడవాళ్ళు మా ఫ్యాక్టరీలో చాలామందే ఉన్నారు.

ఇంట్లో కథ ఇంకోలా ఉంది. పిల్లకి పదో తరగతి అయిపోవచ్చింది. కరెంటు పని నేర్చుకుంటానని, ఫ్యాన్లూ మోటార్లూ ఎలా తిరుగుతాయో తెలుసుకోవాలని దానికి మహా సరదా. మా ఇంట్లో స్విచ్చు పాడైతే మా మరిది కన్నా ముందు అదే స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చునేది. రోజూ వాళ్ళమ్మ చేత సైగలు నేర్పించుకుంది కూడా. వంటింట్లో ఒక చివర నిలబడి ఇది వేలు తిప్పేది, చిన్నది గరిటతో గిన్నె మూత ఎత్తేది. పిడికిలి బిగిస్తే మూత గాల్లో ఆగిపోయేది. ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. మరి ఫ్యాక్టరీలో ఎన్ని ఎత్తావమ్మా అని అది అడిగితే, వాళ్ళు చెయ్యి ఎత్తరే, నేనేం చెయ్యను అని చిన్నది చెప్పేది.

మా మరిది వ్యాను నడుపుతాడు. చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యి చేసుకోడు. నలుగురిలో నవ్వులపాలవడం మాత్రం వాడికి ప్రాణాంతకం. టీ కొట్టు దగ్గర ఎవరో, ఏరా, మీ ఆవిడ పైన గుడ్లు పొదుగుతోందట కదా అన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని తేల్చేశాడు. నువ్వు ఆ క్రేన్ మీద పర్మనెంటు అయితే పిల్లని చదివిద్దాం. కాకపోతే పదో క్లాసు చాలు, అది కూడా నీతోపాటు ఇసుకలోకి వస్తుంది. చదివి నువ్వేం పొడిచావు గనక అది పొడవాలి అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒరేయ్, చదివించడానికీ మొగుడి పరువుకీ ఏమిట్రా సంబంధం అని అడిగాను. వదినా, ఇది మా ఇద్దరి మధ్య విషయం అన్నాడు. నా పొయ్యి దగ్గర కూర్చుని, నేను వండిన కూర తింటూ అన్నాడు ఆ మాట.

ఆ రోజు నుంచీ చిన్నది ఎదురుచూసింది తన ఉద్యోగం కోసం కాదు. కింద ఒక్క చెయ్యి లేస్తే పిల్ల చదువు నిలబడుతుంది. లేవకపోతే లేదు. అంత చదువూ ఆ మీసాలవాడి చేతిలోకి పోయిందంటే నాకు కడుపు రగిలిపోయేది.

ఆర్నెల్ల గడువు ముగియడానికి ఇంకా కొన్ని రోజులే ఉండగా ఆ సంగతి జరిగింది. ఒక పెద్ద పంపు అచ్చు సిద్ధం చేశారు. అచ్చు రెండు సగాలుగా ఉంటుంది. కింది సగం నేల మీద పెట్టారు, పై సగం పక్కన గొలుసులు కట్టి ఉంది. పై సగాన్ని ఎత్తి కింది దాని మీద కూర్చోబెడితే ఇనుము పొయ్యొచ్చు. కరిగిన ఇనుము తొట్టిలోకి వచ్చేసింది కూడా, పట్టాల బండి మీద ఎదురుచూస్తోంది. సరిగ్గా అప్పుడు పాత క్రేన్ షెడ్డు చివర మొరాయించింది. బావమరిది ఎన్ని మీటలు లాగినా ఉలకదు, పలకదు. ఫోర్‌మన్ ఎలక్ట్రీషియన్ కోసం పరిగెత్తాడు.

తొట్టిలో ఇనుము చల్లారితే ఇనుమూ పోతుంది, తొట్టీ పోతుంది. కొత్త క్రేన్ అచ్చుకి నాలుగు గజాల దూరంలోనే ఉంది. పైన చిన్నది ముందుకి వంగి కూర్చుని ఉంది. షెడ్డులో ఉన్నవాళ్ళందరూ మీసాల మేస్త్రినే చూశారు. ఆయన తొట్టి వైపు చూశాడు, పైకి చూశాడు, మీసం మీద చెమట తుడుచుకున్నాడు. ఎలక్ట్రీషియన్ వస్తాడులే అన్నాడు. తర్వాత రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

గొంతమ్మ జల్లెడ కింద పడేసింది. పడేసి, నీ చేతులకి చీము పట్టిందిరా అని ఒక్క కేక పెట్టి, ఇసుక దులుపుకుంటూ వచ్చి అచ్చు పక్కన నిలబడింది. నిలబడి చెయ్యి పక్కకి చాపింది.

పైన ఒక్క క్షణం ఏమీ కదల్లేదు. ఆ క్షణంలో చిన్నది ఏమనుకుందో తర్వాత నాకు చెప్పింది. మేస్త్రి కాని మనిషి చెయ్యి ఎత్తితే కదపకూడదని ఆవిడకి తెలుసు. కదపకపోయినా ఉద్యోగం రాదని కూడా తెలుసు. క్రేన్ కదిలింది. గొంతమ్మ అరచెయ్యి కిందికి ఊపితే కొక్కెం దిగింది. గొలుసుల రింగు తనే తగిలించింది. వేలు తిప్పింది. పై సగం నేలని విడిచి ఊగకుండా లేచింది, పక్కకి వచ్చింది, మెల్లగా దిగింది. కింది సగం మేకులన్నీ పై సగం రంధ్రాల్లో కూర్చున్నాయి. గొంతమ్మ పిడికిలి బిగించింది. తొట్టి బండి కదిలింది, ఇనుము పోశారు. నేను కిటికీ చువ్వలు పట్టుకుని ఏడ్చాను. ఎందుకు సిగ్గుపడాలి, భోరున ఏడ్చాను. ఇక అయిపోయింది, ఇక ఎవరూ ఏమీ అనలేరు అనుకున్నాను. అంత వెర్రిదాన్ని.

మర్నాడే విచారణ పెట్టారు. అచ్చు దక్కిన సంగతి ఎవరూ ఎత్తలేదు. సైగ చేసింది ఎవరు, వాళ్ళకి అధికారం ఉందా, ఆ సైగ మీద క్రేన్ ఎందుకు కదిలింది, ఇవే ప్రశ్నలు. మీసాల మేస్త్రిని అడిగితే, "నేను చెయ్యి ఎత్తలేదండి, ఎత్తకుండానే క్రేన్ కదిలింది" అన్నాడు. ఆ మాటలో అబద్ధం ఒక్కటి చూపించండి. ఆర్నెల్లూ ఎందుకు ఎత్తలేదని మాత్రం ఆయన్ని ఎవరూ అడగలేదు. నేను చెబుతానని వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. టూల్ రూమ్ వాళ్ళకి ఇక్కడ పనేంటి అని పంపేశారు.

గొంతమ్మది కాంట్రాక్టు పని కాబట్టి ఆమె విషయంలో ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. గేటు దగ్గర పాసు లాగేసుకున్నారు. ఇన్నేళ్ళ పనికి అదే వీడ్కోలు. పోతూ పోతూ కూడా ఆమె గొంతు తగ్గలేదు. చిన్నదాన్ని చూసి, "నువ్వేం బాధపడకే, ఒక్కసారైనా నీ చేత ఎత్తించాను" అంది. చిన్నదాన్ని ఉద్యోగంలోంచి తియ్యలేదు. క్రేన్ మీద నుంచి దించారు. ఆర్నెల్లలో ఎత్తింది ఒకే ఒక్క బరువు, అదీ రూలు తప్పి. ఇసుక దగ్గర ఒక మనిషి తక్కువైంది కాబట్టి, గొంతమ్మ జల్లెడ తీసుకుని చిన్నదాని చేతికిచ్చారు. క్రేన్ మీద నుంచి దించారని తప్ప ఇవేవీ పిల్లకి చెప్పనివ్వలేదు చిన్నది.

అది అక్కడితో అయిపోయినా సరిపోయేది. ఆ వారమే మేడం చిన్నదాన్ని ఆఫీసుకి పిలిచింది. సరుకు కొనే కంపెనీ వాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. ఆడపిల్లల చదువు గురించీ, ఆడవాళ్ళ ఉద్యోగాల గురించీ పెద్ద సభ పెడుతున్నారు. క్రేన్ నేర్చుకుని పాసైన మనిషివి నువ్వొక్కతివే, ఆ ఒక్క రోజుకి నువ్వు పైకెక్కాలి, తర్వాత స్టేజీ మీద నాలుగు మాటలు చెప్పాలి అంది. మీ పాప పదో క్లాసు కదా అని మేడం అడిగింది. కంపెనీ శిక్షణ స్కూల్లో ఈ ఏడు ఆడపిల్లలకి సీట్లు ఇస్తున్నారు, కరెంటు కోర్సు, మూడేళ్ళు, ఒక సీటు మీ పాపకి ఇప్పిస్తాను అంది. చిన్నది అడిగింది ఒక్కటే. పాపకి సీటు బదులు గొంతమ్మకి పని ఇప్పిస్తారా అని. అది నా చేతిలో లేదమ్మా అని మేడం కళ్ళు తుడుచుకుంది.

ఇంటికొచ్చి నాకు చెప్పింది. ఉల్లిపాయలు తరుగుతున్నదాన్ని కత్తి పక్కన పెట్టేశాను. వెళ్ళు, వెళ్ళి ఆ స్టేజీ మీదే జరిగింది జరిగినట్టు చెప్పెయ్, వచ్చినవాళ్ళ ముందే వీళ్ళ బండారం బయటపెట్టు, అప్పుడు చూద్దాం వీళ్ళ సమానత్వం అన్నాను. నీ జీవితంలో ఒక్కసారన్నా నోరు తెరవవే అని తిట్టాను కూడా. గొంతమ్మ పొట్ట కొట్టినవాళ్ళని పొగుడుతావా అన్నాను. ఆ మాటకి చిన్నది మొహం మాడిపోయింది. నా ఎదురుగా పీట మీద కూర్చుంది.

"నిజం చెబితే నీకూ నాకూ కడుపు చల్లబడుతుంది అక్కా. పిల్ల ఇసుకలోకి వస్తుంది" అంది.

మా మరిదిని ఒప్పించే దారి నా దగ్గర లేదు. దూరం పంపించి చదివించే తాహతు మా ఇద్దరిలో ఎవరికీ లేదు. కంపెనీ వాళ్ళు నలుగురి ముందు పిలిచి ఇచ్చే సీటైతే వాడు కాదనడు. ఆ సీటు తప్ప ఇంకో తలుపు లేదు, ఆ తలుపు తాళం ఆ మేడం చేతిలో ఉంది. నేను మళ్ళీ ఉల్లిపాయలు తరిగాను. ఆ పూట ఎవరి కంట్లో నీళ్ళు ఎందుకు వస్తున్నాయో అడగాల్సిన పని లేకపోయింది.

సభ రోజు షెడ్డంతా కడిగారు. ఇసుక ఆడవాళ్ళకి కొత్త టోపీలిచ్చి, వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఎదురుగా స్కూలు ఆడపిల్లలు, వాళ్ళలో మా పిల్ల. వచ్చినవాళ్ళు షెడ్డు మధ్యలో నిలబడ్డారు. చిన్నది పైకెక్కింది. మీసాల మేస్త్రి కొత్త చేతి తొడుగులు వేసుకుని ముందుకొచ్చాడు, తలెత్తి ఆవిడ వైపు చూశాడు, చెయ్యి ఎత్తాడు. పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటుందో అలా, మోచెయ్యి వంగకుండా. వేలు తిప్పాడు, ఉత్త కొక్కెం లేచింది. చెయ్యి చాపాడు, అటు వెళ్ళింది. అరచెయ్యి ఊపాడు, దిగింది. కొక్కేనికి గడ్డిపరక కూడా తగిలించలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, ఫొటోలు తీసుకున్నారు. అదే ఆ బోర్డు మీది ఫొటో. ఆ చెయ్యి అంత సులువుగా లేవడం చూశాక నాకు మీసాలవాడి మీద అప్పటిదాకా ఉన్న కోపం పదింతలైంది. బరువు లేనప్పుడు, తన తల మీద ఏమీ పోనప్పుడు, వాడికి ఆడా మగా ఒకటే.

తర్వాత స్టేజీ మీద చిన్నది మాట్లాడింది. ఇక్కడ తేడాలు లేవని, మేస్త్రి గారు తండ్రిలాగా నేర్పించారని, అందరూ చేయూతనిచ్చారని చెప్పింది. మేడం రాసిచ్చిన మాటలే, ఒక్కటి కూడా తడబడలేదు. చివర్లో మాత్రం, ఆడపిల్లల్ని చదివించండి అని కలిపింది. ఆ ఒక్కటి ఆవిడ సొంత మాట. తర్వాత సీట్లు వచ్చిన పిల్లల్ని పిలిచారు. మా పిల్ల స్టేజీ ఎక్కి కవరు తీసుకుంది. మా మరిది వెనక వరసలో లేచి నిలబడి, అందరి కన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. పక్కవాడికి, మా అమ్మాయే అని చెప్పుకున్నాడు.

ముగ్గురం నడిచి ఇంటికి వస్తున్నాం. మా మరిది వ్యాను తీసుకుని ముందే వెళ్ళాడు. పిల్ల కవరు గుండెకి హత్తుకుని గెంతుతూ నడుస్తోంది. కాస్త దూరం వెళ్ళాక నెమ్మదించి వాళ్ళమ్మ పక్కకి వచ్చింది.

"అమ్మా, మేస్త్రి గారు నీకు బాగానే చెయ్యి ఎత్తారు కదా. మరి ఎత్తరు, ఎత్తరు అని ఇన్నాళ్ళూ అన్నావెందుకు?"

చిన్నది నడుస్తూనే ఉంది. పిల్ల మెల్లగా, బాధపెట్టకూడదన్నట్టు అడిగింది.

"నాన్న అన్నదే నిజమా? నీకే చేతకాలేదా?"

నేను నోరు తెరిచాను. ఆ పిల్లని రోడ్డు మీద నిలబెట్టి, మొదట్నుంచీ అంతా చెప్పెయ్యాలనుకున్నాను. చిన్నది నా మోచెయ్యి పట్టుకుని నొక్కింది. ఎంత గట్టిగా అంటే ఆ చోటు కమిలిపోయింది.

"అవునే. నాకే చేతకాలేదు" అంది. "పదో క్లాసు చదువు దేనికి సరిపోతుంది? నువ్వు బాగా చదువుకో. నీకు చేతనవుతుంది."

ఎందుకే అలా చెప్పావని ఇంటికొచ్చాక నిలదీశాను. జరిగింది చెబితే, చదివినా ఇంతే కదా అనుకుని పుస్తకం మూసేస్తుంది అక్కా, నాకు చేతకాలేదనుకుంటే తను గట్టిగా నేర్చుకోవాలనుకుంటుంది అంది. లెక్క ఆవిడదే సరైనదేమో. నాకు మాత్రం ఇప్పటికీ మింగుడుపడలేదు. ఒక తల్లి కూతురి కళ్ళ ముందు తన్ను తాను అంత తక్కువ చేసుకుంటే తప్ప ఆ పిల్ల బడికి పోలేని లోకాన్ని నేను క్షమించలేను.

పిల్ల ఇప్పుడు మూడో ఏడు చదువుతోంది. క్లాసులో మొదటి వరస. ఏ మోటారైనా విప్పి మళ్ళీ బిగించేస్తుంది. మొన్న ఇద్దరు స్నేహితురాళ్ళు ఇంటికి వచ్చారు. గేటు దగ్గర బోర్డు మీద ఉన్నది మీ అమ్మే కదా అని అడిగారు. అవునే, మా అమ్మకి ఛాన్సు ఇచ్చారు, పాపం చెయ్యలేకపోయింది అని మా పిల్ల చెప్పింది. ఎగతాళిగా కాదు, ఎంతో ప్రేమగా చెప్పింది. చిన్నది ఆ పక్కనే నిలబడి గ్లాసుల్లో టీ పోస్తోంది. పోసి, ముగ్గురికీ అందించి, తాగండమ్మా అంది. ఆ మాటలు వినడం కన్నా చెవుడు రావడం నయమనిపించింది నాకు.